ఎడంచేతి వయొలిన్

మొన్న పొద్దున్నే ఫోన్ తీసేసరికి మా పాత టీమ్ వాట్సాప్ గ్రూపు నిండా దణ్ణాలు. దణ్ణం బొమ్మలు, పువ్వుల బొమ్మలు, అందరిదీ ఒకటే మూడు ఇంగ్లీషు అక్షరాలు. అసలు పోయిందెవరో తెలియడానికి పైదాకా జరుపుకుంటూ పోవాల్సి వచ్చింది. తీరా చూస్తే మా మేడమ్. నిద్రలోనే పోయిందట. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అంత మనిషి పోతే మూడక్షరాలేనా? ఇంతమందిలో ఒక్కరికైనా ఒక్క వాక్యం రాయాలనిపించలేదా? సరే, వాళ్ళని అని ఏం లాభం, ఆ గ్రూపులో నేనూ ఏమీ రాయలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పేరు చెప్పను, ఆవిడకి ఇష్టం ఉండదు. ఏం చదివింది, పెళ్ళి సంగతేమిటి, జీతమెంత, అవీ చెప్పను. మాదాపూర్‌లో మా కంపెనీలో టెస్టింగ్ మేనేజర్, హఫీజ్‌పేట్‌లో తల్లితో కలిసి ఉండేది, అంతవరకు చాలు. నాకంటే బాగా పెద్ద. మీటింగుల్లో మేడమ్, బయటికొస్తే అక్క. నన్ను మాత్రం ఎక్కడైనా 'అమ్మాయ్' అనే పిలిచేది. మాది కాకినాడ, ఆవిడది అమలాపురం పక్క. ఇద్దరు గోదావరి ఆడవాళ్ళు ఒకచోట చేరితే ఇంక కబుర్లకి కొదవేమిటి అనుకుంటారు గానీ, మాట్లాడేదాన్ని నేను, వినేది ఆవిడ.

ఆవిడ చేతిలోంచి ఏ వస్తువు మన చేతికి రావాలన్నా ఒక క్షణం ఆలస్యమయ్యేది. టీ కప్పు గానీ, పెన్ను గానీ, క్యాబ్ డ్రైవర్‌కి ఇచ్చే వంద నోటు గానీ. ముందు ఎడంచేత్తో తీసేది, వెంటనే కుడిచేతికి మార్చేది, అప్పుడు ఇచ్చేది. మార్చేటప్పుడు పెదవుల్లో గొణుక్కునేది, "ఆ చెయ్యి కాదు" అని. మనతో కాదు, తనతోనే. మొదట్లో నాకు అది వినపడేది కాదు. వినపడ్డాక ఇంక చెవిలోంచి పోయేది కాదు.

క్యాంటీన్‌లో పప్పన్నం కూడా స్పూనుతో తినేది. కొత్తగా చేరినవాళ్ళు మేడమ్‌కి స్టైల్ అనుకునేవాళ్ళు. స్టైలా పాడా! కుడిచేత్తో కలిపితే సగం మెతుకులు ఒళ్ళో పడేవి పాపం. స్పూను అయితే ఎడంచేత్తో పట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు. అలాగే పొద్దున్నే ఆఫీసు ఊడ్చేవాళ్ళు ఆవిడ బల్ల మీద మౌస్‌ని కుడివైపు సర్దిపోయేవాళ్ళు, ఆవిడ వచ్చి మాట్లాడకుండా ఎడంవైపుకి జరుపుకునేది. ఇన్నేళ్ళలో వాళ్ళకి ఒక్కసారైనా చెప్పావా అక్కా అని అడిగాను. "పోనీలే, వాళ్ళ లెక్కలో అదే కదా దాని చోటు" అంది. నేనైతే రెండో రోజే కేకలేసేదాన్ని.

ఈ సంగతంతా నాకు సరిగ్గా అర్థమైంది జర్మనీలో. క్లయింటు పని మీద ఇద్దర్నీ కొన్ని నెలలు అక్కడ ఒక చిన్న ఊరికి పంపారు. కంపెనీ ఇచ్చిన ఫ్లాట్‌లో వంటిల్లు ఒక్కటే. చేరిన మర్నాడు చూద్దును కదా, మా అక్క ఎడంచేత్తో ఉల్లిపాయలు తరుగుతోంది. ఆ వేగమేమిటి, ఆ సన్నని ముక్కలేమిటి! నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. నన్ను చూసి సిగ్గుపడిపోయి, చాకు గబుక్కున కుడిచేతికి మార్చేసుకుంది.

"నేనే కదక్కా, ఇంకెవరున్నారిక్కడ?" అన్నాను.

అప్పుడు చెప్పింది. చిన్నప్పుడు హోమ్‌వర్క్ చేస్తున్నంతసేపూ వాళ్ళమ్మ ఆ చేతిని తువ్వాలుతో నడుముకి కట్టేసేదట. రాయడం మారింది, అన్నం మారింది, చెయ్యి మాత్రం మారలేదు. వీధి చివర వయొలిన్ మాస్టారి దగ్గర వేశారు. ఈవిడ కమాను ఎడంచేత్తో పట్టుకుంది. "సరస్వతీదేవి ముందు ఆ చెయ్యి ఆడిస్తావా" అని ఆయన ఆ కమానుతోనే వేళ్ళ మీద కొట్టారట. కుడిచేత్తో పట్టుకుంటే పిల్లి ఏడుపు వచ్చేదట. కొన్నాళ్ళు చూసి, "ఈ పిల్లకి సంగీతం రాదమ్మా, డబ్బు దండగ" అని ఇంటికి పంపేశారు. వాళ్ళమ్మ కూడా సరే అని ఊరుకున్నారు.

"నాకు రాదో, ఆ కుడిచేతికి రాదో, ఇప్పటిదాకా తేలలేదే అమ్మాయ్" అంది. నవ్వుతూనే అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాస్టారు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో చెప్పలేను.

ఆ ఊళ్ళో మేం రోజూ ఆఫీసుకి నడిచి వెళ్ళే దారిలో ఒక వాయిద్యాల కొట్టుంది. అద్దం వెనక వయొలిన్లు వరసగా వేలాడుతుంటాయి. ఒకరోజు అక్క నడుస్తున్నదల్లా ఆగిపోయింది. అన్నీ ఒకలా ఉంటే ఒక్కటి మాత్రం అటుది ఇటుగా ఉంది. "ఇలాంటివి కూడా చేస్తారా?" అంది. లోపలికెళ్ళి అడిగాం. ఎడంచేతివాళ్ళ కోసమే చేస్తారట. ఊరికే తీగలు మార్చి కట్టడం కాదు, లోపలి చెక్క కూడా అటుది ఇటు అమర్చాలట. కొట్టాయన ఏ చెయ్యి అని సైగ చేశాడు. ఈవిడ ఎడంచెయ్యి కాస్త పైకెత్తింది. ఆయన తలూపి దాన్ని దింపి చేతికిచ్చాడు, అంతే. ఆశ్చర్యపోలేదు, పాఠం చెప్పలేదు. చెప్పులు కొనేటప్పుడు కొలత అడుగుతారే, అలా అడిగాడు.

అక్క కమాను ఎడంచేత్తో పట్టుకుని ఒక తీగ మీద ఈ చివర నుంచి ఆ చివరికి లాగింది. పొడుగ్గా, సాఫీగా ఒక్క శబ్దం వచ్చింది. అది సంగీతమో కాదో నాకు తెలీదు. అక్క మొహం చూస్తే మాత్రం నాకు ఏడుపొచ్చింది.

వెంటనే కొన్నదా? ఆవిడా? ధర చూసి థాంక్స్ చెప్పి బయటికొచ్చేసింది. తర్వాత వారాల తరబడి పెరుగన్నం, ఆవకాయ. అటు వెళ్ళినప్పుడల్లా అద్దంలోంచి చూడటం, ఉందా అమ్ముడుపోయిందా అని. నేను సణిగి సణిగి చంపితే, తిరుగు ప్రయాణం దగ్గరపడ్డాక వెళ్ళి కొంది.

కొన్నాక కస్టమ్స్ భయం పట్టుకుంది. బయటి నుంచి వచ్చేవాళ్ళు ఇంతవరకు అని ఒక పరిమితి ఉంటుంది, దాటితే మన ఎయిర్‌పోర్టులో పన్ను కట్టాలి. ఈ వయొలిన్ ఎంచక్కా దాటేసింది. మనం వాడుకుంటున్న పాత వస్తువైతే పన్ను లేదు. ఆన్‌సైట్ అంటూ ఇలా బయటి దేశాల్లో పని చేసి వచ్చేవాళ్ళకి మా ఆఫీసులో సలహాలకి లోటు లేదు. డబ్బా అక్కడే పారెయ్యండి, వాచీ అయితే చేతికి పెట్టేసుకోండి, చూడగానే పాతదనిపించాలి. అప్పుడు నాకు తట్టింది. వయొలిన్‌కి పసుపూ కుంకుమా పెట్టేస్తే? ఏళ్ళ తరబడి మన ఇంట్లో పూజలో ఉన్నదానిలా కనపడుతుంది, ఎవరు అనుమానిస్తారు? ఇప్పటికీ అది మంచి ఐడియానే అంటాను.

కానీ ఈ మహాతల్లితో వచ్చిన చిక్కేమిటంటే, ఉత్తుత్తికి బొట్టు పెట్టమంటే నిజంగానే పూజ చేసింది. తలస్నానం చేసి, టేబుల్ మీద కొత్త తువ్వాలు పరిచి, వయొలిన్ పడుకోబెట్టి, అరటిపండు నైవేద్యం పెట్టింది. పొగకి అలారం మోగుతుందని అగరొత్తులు మాత్రం వద్దన్నాను. బొట్టు పెట్టడానికి అలవాటుగా ఎడంచెయ్యి లేచింది. "ఆ చెయ్యి కాదు" అనుకుని, కుడిచేతి ఉంగరం వేలుతో పెట్టింది. కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. నేను పక్కన నిలబడి, మనం చేస్తున్నది దొంగపని అన్న సంగతి ఈవిడకి గుర్తుందా లేదా అని చూస్తున్నాను.

శంషాబాద్‌లో దిగాం. పన్ను కట్టేదేమీ లేదనేవాళ్ళ పచ్చబోర్డు దారిలో ధీమాగా నడుస్తున్నాం. సామాను మిషన్‌లోంచి రాగానే ఒక ఆఫీసర్ "మేడమ్, జర ఇటు రండ్రి" అని పక్కకి పిలిచాడు. కళ్ళజోడు, కొద్దిగా బొజ్జ, మంచి మొహం. వయొలిన్ పెట్టె తెరవమన్నాడు. తెరిచింది. పసుపూ కుంకుమా చూడగానే ఆయన చెయ్యి చాచినవాడల్లా వెనక్కి తీసుకున్నాడు. వేళ్ళు ప్యాంటుకి తుడుచుకుని, వయొలిన్‌ని తాకి కళ్ళకి అద్దుకున్నాడు. పని అయిపోయిందనే అనుకున్నాను.

"ఇంట్ల పూజల పెట్టేదా అమ్మా?" అన్నాడు.

"అవునండి, పాతదండి, చిన్నప్పటి నుంచీ వాయిస్తారండి" అన్నాను, అక్క నోరు తెరిచేలోపే.

ఆయన వంగి చూశాడు. మొహం మారింది. "ఏందమ్మా ఇది, తీగలన్నీ ఉల్టా ఉన్నయి! మా బిడ్డ నేర్చుకుంటది వయొలిన్, నాకు తెలుసు. ఎవరన్నా రిపేరుకిస్తే ఆగం చేసిండ్రా?" అన్నాడు. నిజంగా బాధపడుతున్నాడు ఆయన, మాకేదో మోసం జరిగిందని. మళ్ళీ అక్కవైపు తిరిగి మెల్లగా అడిగాడు. "చిన్నప్పటి సంది వాయిస్తున్నరా మీరు?"

ఒక్క 'అవును'. అంతే కావాలి. నేను వెనకనుంచి ఆవిడ చున్నీ లాగుతున్నాను. ఆవిడ బొట్టు వంక చూసింది, ఆయన వంక చూసింది.

"లేదండి. చిన్నప్పుడు వాయించనివ్వలేదు. నాది ఎడంచెయ్యండి. ఇది ఎడంచేతివాళ్ళ వయొలిన్, వచ్చేముందే కొన్నాను. బిల్లు ఉంది" అంది. తూము తీసినట్టు గడగడా చెప్పేసింది. ఇన్నేళ్ళ పరిచయంలో ఆవిడ పరాయివాళ్ళ ముందు 'నాది ఎడంచెయ్యి' అనడం నేను వినలేదు.

ఆయన నా వంక చూశాడు. ఆ చూపుకే నాకు సిగ్గేసింది. "అయితే టాక్స్ కట్టాలె మేడమ్" అని, "పరేషాన్ గాకుండ్రి, మొత్తం ధరకు పన్ను లేదు, పరిమితి దాటిన దానికే" అంటూ బిల్లు తీసుకుని తనే లెక్క వేయించాడు. పరిమితి దాటినదాని మీద మూడో వంతు పైనే పడింది. అక్క కార్డు తీసింది, ఎడంచేత్తో తీసింది, ఎడంచేత్తోనే ఇచ్చేసింది. ఆయన మామూలుగా అందుకున్నాడు. పోయేటప్పుడు "మంచిగ నేర్చుకోండ్రి" అన్నాడు.

క్యాబ్‌లో కూర్చున్నాక నేను ఊరుకుంటానా? "ఏంటక్కా నువ్వు! ఒక్క ముక్క అవును అంటే పోయేది కదా! ఆయన దణ్ణం కూడా పెట్టేశాడు!"

అక్క పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "డబ్బు పోతే పోయిందిలే. చిన్నప్పటి నుంచీ వాయిస్తున్నానని మాత్రం అనలేనే అమ్మాయ్. వాయించనివ్వలేదు కదా. అవునంటే, ఆ కట్టేసిందీ కొట్టిందీ ఏదీ జరగనట్టే అయిపోదూ?" అంది. నా నోరు మూయించగలిగింది లోకంలో ఆవిడొక్కతే.

ఇంటి దగ్గర అసలు పరీక్ష. వాళ్ళమ్మ, ఆ పెద్దావిడ, పొట్టిగా, చురుగ్గా, తెల్ల జుట్టు ముడితో ఉండేవారు. పెట్టెలో బొట్టు చూసి "మంచి పని చేశావే" అని మురిసిపోయారు. అక్క కింద కూర్చుని కమాను ఎడంచేత్తో అందుకుంది. పెద్దావిడ లేచి, వంటింట్లోకి వెళ్ళి మిక్సీ వేశారు.

అది మొదలు. ఈవిడ కమాను తీస్తే ఆవిడ మిక్సీ వేస్తారు. కొబ్బరి పచ్చడి, దోసకాయ పచ్చడి, నువ్వుల పొడి, కందిపొడి. ఆ ఇంట్లో ఇద్దరు మనుషులు ఎన్ని పచ్చళ్ళని తింటారు? అన్నీ డబ్బాల్లో మా ఆఫీసుకి వచ్చేవి. అక్క సాధన చేసిన సంగతి మాకు లంచ్‌లో తెలిసిపోయేది. టీమ్ అంతా లొట్టలేసుకుంటూ తిని, "మేడమ్, రాత్రి బాగా సాధన చేసినట్టున్నారు" అనేవాళ్ళం. అక్క పడీ పడీ నవ్వేది.

నేర్పేవాళ్ళు దొరకడం ఇంకో కథ. అడిగినవాళ్ళందరూ మామూలు వయొలిన్ కొనుక్కు రమ్మన్నారు. చివరికి కొత్తగూడలో ఒక చిన్న టీచర్ దొరికింది, నా వయసు కూడా ఉండదు. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "నా ఎదురుగా కూర్చోండాంటీ, అద్దంలో చూసినట్టు చెయ్యండి, మిగతావాళ్ళ కంటే మీకే సులువు" అంది. అంత తేలిక! ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టని తేలిక. సరళీ స్వరాలు, జంట స్వరాలు, పిల్లలతో పాటు ఒక్కొక్కటే ఎక్కింది. తనకి రాదో, కుడిచేతికి రాదో అన్న అనుమానం తేలిపోయింది. వచ్చింది. గొప్పగా ఏం కాదు, కానీ వచ్చింది. "వస్తోందే!" అని ఒకసారి ఆఫీసు లిఫ్టులో నా చెయ్యి పట్టుకుని ఊపేసింది, ఇంకెవరో ఉన్నారని కూడా చూడకుండా.

ఇంట్లో మాత్రం మిక్సీ ఆగలేదు. ఒక ఆదివారం వెళితే అక్క లోపల వాయిస్తోంది, పెద్దావిడ వంటింట్లో పల్లీలు మిక్సీలో పోసి, స్విచ్ మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డారు. వెయ్యలేదు. నన్ను చూసి, అడక్కుండానే అన్నారు. "పెళ్ళివారొస్తే కాఫీ ఆ చేత్తో ఇస్తుందేమోనని భయం తల్లీ. నలుగురూ ఏమంటారోనని. అది ఏడుస్తుంటే కూడా కట్టేశాను." ఆవిడ మీద కూడా నాకు కోపం ఉండేది. ఆ పూట అది ఎక్కడికి పోయిందో తెలీదు.

"మరి ఆ మాట అక్కతో అనొచ్చుగా పిన్నిగారూ?" అన్నాను.

"ఏ మొహం పెట్టుకుని అనమంటావు?" అని స్విచ్ వేశారు.

అక్క ఏనాడూ తల్లిని ఆ సంగతి అడగలేదు కూడా. తల్లి ఒక్కసారి దగ్గర కూర్చుని వింటే చాలునని ఆవిడ మనసు. టీచర్ మెచ్చుకున్నా, పిల్లలు చప్పట్లు కొట్టినా, "మా అమ్మ ఇంకా వినలేదే" అనేది.

దసరాల్లో సరస్వతీ పూజ రోజున కొత్తగూడలో ఆ టీచర్ ఉండే అపార్ట్‌మెంట్ హాల్లో విద్యార్థుల కచేరీ పెట్టారు. పెద్దావిడని నేనే బతిమాలి కారెక్కించాను, ప్రసాదం పెడతారని చెప్పి. ముందు వరసలో కూర్చోబెట్టి పక్కన నేను కాపలా. వేదిక మీద పిల్లలు వరసగా కూర్చున్నారు, మా అక్క చివర్లో, కమాను పక్కవాళ్ళకి తగలకుండా. అందరి కమానులూ ఒక వైపు కదులుతుంటే ఆవిడది రెండో వైపు. పెద్దావిడ తల వంచుకుని చీర కొంగు మడతలు పెడుతున్నారు.

ఇంతలో మా వెనకనుంచి ఒక పెద్దమనిషి పక్కాయనతో, అందరికీ వినపడేలా, "ఆ చివరావిడ చూశారూ, ఎడంచేత్తో వాయిస్తోంది. అదీ సరస్వతీ పూజ రోజున! చెప్పేవాళ్ళే లేరా?" అన్నాడు.

ఆయనకి ఇవ్వాల్సిన జవాబు నా నాలుక చివరే ఉంది. అది మర్యాదైన జవాబు కాదు. కానీ నాకంటే ముందు పెద్దావిడ లేచారు. మోకాళ్ళు పట్టేస్తుంటే కుర్చీ వీపు ఊతం చేసుకుని లేచి, వెనక్కి తిరిగారు.

"అది మా అమ్మాయండి. దానిది ఎడంచెయ్యి. పుట్టుకతోనే ఎడంచెయ్యి. దాని చేతికి సరిపడేది ఇక్కడ దొరక్క, పరాయి దేశంలో కొనుక్కుని, టాక్స్ కట్టి మరీ తెచ్చుకుంది. కాస్త విననివ్వండి."

కూర్చున్నారు. కొంగు వదిలేసి, తల ఎత్తి, చివరిదాకా విన్నారు.

వేదిక మీద ఉన్న అక్కకి ఇదేమీ తెలీదు. ఇంటికెళ్ళేటప్పుడు క్యాబ్ వెనక సీట్లో ఆవిడ చెవిలో చెప్పాను. "అమ్మే అందా?" అంది. "అమ్మే." "పుట్టుకతోనే అని అందా?" "అంది." "సరిగ్గా ఆ మాటేనా?" "ఆ మాటే అక్కా." "ఇంకోసారి చెప్పవే అమ్మాయ్" అంది. హఫీజ్‌పేట్ దాకా చెప్పించుకుంటూనే ఉంది. ముందు సీట్లో పెద్దావిడ, ఏమీ వినపడనట్టు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.